యాభై అయిదో కిలోమీటరు తర్వాత కూడా మూసీ ఉంది

మూసీ ప్రక్షాళన పనులు చూస్తున్న అధికారులకు, ఇంజనీర్లకు, హైదరాబాద్ నగరంలో ఉంటున్న అక్కలకు, అన్నలకు,

నమస్కారం.

నేను పిల్లాయిపల్లి కాలువ కింద మూడెకరాలు సాగు చేసుకునే రైతును. మాది యాదాద్రి భువనగిరి జిల్లా. మా కాలువలో పారేవి మూసీ నీళ్ళు. ఆ మూసీలో ఎండాకాలం పారేవి ఎక్కువగా మీ ఇళ్ళ నుంచి వచ్చిన నీళ్ళే. మీరు పొద్దున స్నానం చేసి, గిన్నెలు తోమి, బట్టలు ఉతికి వదిలిన నీళ్ళతో నేను వరి పండిస్తున్నాను. నలభై ఏళ్ళుగా మన మధ్య ఇంత దగ్గరి సంబంధం ఉన్నా ఒకరితో ఒకరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

మూసీ సుందరీకరణ గురించి పేపర్లో వచ్చిన బొమ్మను మా మనవరాలు ఫోన్‌లో పెద్దది చేసి చూపించింది. నార్సింగి నుంచి గౌరెల్లి దాకా ఔటర్ రింగు రోడ్డు లోపల 55 కిలోమీటర్ల నది, రెండు వైపులా చెట్లు, నడిచే దారులు, వంతెనలు. చూడటానికి ఎంతో బాగుంది. ఔటర్ దగ్గరికి వచ్చేసరికి నీలం గీత ఆగిపోయింది. "తాతా, మనూరు ఏది?" అని అడిగింది. బొమ్మ అయిపోయిన చోటు నుంచి కిందికి, ఫోన్ అద్దం అవతల వేలు పెట్టి చూపించాను. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా రెండు వందల కిలోమీటర్లకు పైగా పారుతుంది. మీ 55 కిలోమీటర్ల తర్వాతే దాని మీద బతికే ఊళ్ళు ఎక్కువ.

ముందు మీరు తాగే నీళ్ళ సంగతి చెబుతాను. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేల మందిని మింగింది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఎగువన రెండు చెరువులు కట్టాలనుకున్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. వరదా ఆగింది, నగరానికి తాగునీరూ దొరికింది. ఊరు పెరిగే కొద్దీ ఆ నీళ్ళు చాలక మంజీరకు వెళ్ళారు, సింగూరుకు వెళ్ళారు. 2004లో కృష్ణా నీళ్ళు వచ్చాయి, 2015లో గోదావరి నీళ్ళు వచ్చాయి. కృష్ణా నీళ్ళను మా పాత నల్గొండ జిల్లాలోనే, కోదండాపురంలో శుద్ధి చేసి, పంపుల మీద పంపులు పెట్టి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం ఎత్తి పోస్తారు. ఆ పైపులు వేసిన కాలంలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో జనం ఫ్లోరైడ్ నీళ్ళు తాగుతున్నారు. వంగిన నడుములు, గారపట్టిన పళ్ళు, ముప్పై ఏళ్ళకే కర్ర పట్టిన మనుషులు. వాళ్ళ జిల్లా మీదుగానే మంచినీళ్ళు నగరానికి ఎక్కాయి. ఇప్పుడు ఇంటింటికీ నల్లా నీళ్ళు వచ్చి ఆ బాధ చాలావరకు తగ్గింది. కానీ ఆ ఏళ్ళను ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఎక్కిన నీళ్ళు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. నా కొడుకు వనస్థలిపురంలో ఉంటాడు. వాళ్ళింటి నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తాయి. వాళ్ళ డ్రైనేజీ మూసీలో కలుస్తుంది. మూసీ మా కాలువలోకి వస్తుంది, మిగిలింది కత్వల మీద నుంచి, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల మీద నుంచి దూకుతూ వలిగొండ దాటి, సూర్యాపేట వైపు సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టుకు చేరి, చివరికి వాడపల్లిలో మళ్ళీ కృష్ణలోనే పడుతుంది. అంటే నల్గొండ జిల్లా నుంచి మంచినీళ్ళు ఎక్కుతాయి, నల్గొండ జిల్లాలోకే మురికి నీళ్ళు దిగుతాయి. ఇందులో నగరపోళ్ళు వేరు, మేం వేరు అని నేను అనలేను. ఆ నీళ్ళు వదిలేవాళ్ళలో నా కొడుకూ కోడలూ మనవరాలూ ఉన్నారు.

మా నాయన చిన్నతనంలో మూసీలో ఇసుక ఉండేది. ఎండాకాలం నది ఎండిపోతే ఇసుకలో చెలిమె తవ్వేవాళ్ళు. జానెడు లోతులో నీళ్ళు ఊరేవి. కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపుకునేవాళ్ళు. బతుకమ్మ రోజున ఆడవాళ్ళు మూసీలో దిగి బతుకమ్మను నీళ్ళలో వదిలి, అదే నీళ్ళు తల మీద చల్లుకునేవాళ్ళు. ఇప్పుడు ఊరి ఆడపడుచులు బోరు దగ్గర తొట్టి కట్టుకుని అందులో వదులుతున్నారు. నది ఊరి పక్కనే ఉంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఈ మురుగు మాకు అన్నం కూడా పెట్టింది. మూసీ ఒకప్పుడు ఎండాకాలం ఎండిపోయేది. నగరం పెరిగాక ఏడాది పొడుగునా పారడం మొదలుపెట్టింది. 1990ల తర్వాత మా చుట్టుపక్కల మండలాల్లో రైతులు బోరు మీద బోరు వేసి, నీళ్ళు పడక, అప్పుల్లో మునిగి, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. అప్పుడు కూడా మా కాలువ కింద రెండు పంటలు ఆగలేదు. పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, ధర్మారెడ్డి కాలువ, వీటి కింద ఉన్న ఊళ్ళలో ఎవరినైనా అడగండి. "మూసీ లేకపోతే వలస పోయేటోళ్ళం" అంటారు. నగరానికి దగ్గరి ఊళ్ళలో ఉప్పు ఎక్కువై వరి సరిగా రాక పారాగడ్డి వేశారు. ఆ గడ్డి నగరంలో బర్రెలకు పోయింది, ఆ పాలు మీ టీలోకి వచ్చాయి. కాబట్టి నేను మీ నీళ్ళు ఆపేయమని అడగడానికి రాలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

మా ఇంటామె ఇరవై ఏళ్ళుగా నాట్లు వేస్తోంది. కాళ్ళ వేళ్ళ సందులు ఒరుస్తాయి, గోళ్ళు నల్లబడి ఊడతాయి, రాత్రి దురదకు నిద్ర పట్టదు. కొబ్బరినూనె, పసుపు, మందుల షాపులో ఇచ్చే ట్యూబు, అంతే వైద్యం. కైకిలికి పిలిస్తే పక్క ఊరి ఆడవాళ్ళు ముందు అడిగేది "బోరు మడా, మూసీ మడా?" అని. మూసీ మడికి రోజుకూలి ఎక్కువ ఇవ్వాలి. ఇచ్చినా కొందరు రారు. తొలకరి వాన పడ్డ రోజు కత్వ దగ్గర నురగ మనిషెత్తు లేస్తుంది, గాలికి ముక్కలు ముక్కలుగా ఎగిరి చేల మీద పడుతుంది. దూరం నుంచి చూస్తే పత్తి ఎగిరినట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్తే కళ్ళు మండుతాయి. ఊళ్ళో తాగడానికి నీళ్ళ డబ్బా కొంటాం. పొలం నిండా నీళ్ళు పెట్టుకుని తాగే నీళ్ళు కొనుక్కునే ఊరు మాది. మా తమ్ముడి కొడుక్కి రెండేళ్ళ కింద ఒక సంబంధం వచ్చింది. పిల్ల తరఫు వాళ్ళు వచ్చి, భోజనం చేసి, అంతా బాగుందన్నారు. వెళ్ళేటప్పుడు ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "ఏమీ అనుకోవద్దు బావా, మా పిల్ల ఈ నీళ్ళల్ల దిగి పని చెయ్యలేదు" అన్నాడు. నేనేమీ అనుకోలేదు. నా బిడ్డ అయితే నేనూ అదే అనేవాణ్ణి.

నగరంలో ఒక కూరగాయల బజారులో కొన్నేళ్ళు పాలకూర, గంగవాయిలి అమ్మాం. నాలుగు గంటలకే లేచి మూటలు కట్టుకుని మొదటి బస్సుకు పోయేవాళ్ళం. మూసీ కూరగాయల గురించి టీవీలో వార్త వచ్చిన వారం ఒకామె వచ్చి, కట్ట చేతిలో పట్టుకుని, "ఇది మూసీ నీళ్ళదా అమ్మా?" అని అడిగింది. మా ఇంటామెకు అబద్ధం చెప్పడం రాదు. "అవును బిడ్డా" అంది. ఆమె కట్ట కింద పెట్టి వెళ్ళిపోయింది. పక్కనే కూర్చున్నావిడ "వేరే ఊరి పేరు చెప్పరాదా, పిచ్చిదానివా" అని కోప్పడింది. తప్పు ఆ కొనడానికి వచ్చినామెది కాదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి ఉంటారు, భయపడింది. మా ఇంటామెదీ కాదు. కానీ ఆ రోజు నుంచి ఆకుకూర మానేశాం. వరి ఒక్కటే వేస్తున్నాం, ఎందుకంటే బియ్యాన్ని ఏ నీళ్ళతో పండించావని ఎవరూ అడగరు.

ఇక అధికారులకు, ఇంజనీర్లకు.

అయ్యా, నేను పదో తరగతి చదివాను. మా ఊరి స్కూలు సారు సాయంతో నీళ్ళ లెక్కలు కొంత నేర్చుకున్నాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్ళను ఏ (A) నుంచి ఈ (E) దాకా తరగతులుగా విడదీసింది. నదిలో స్నానం చెయ్యాలంటే బీఓడీ, అంటే నీళ్ళలో కుళ్ళే మురికి ఎంతుందో చెప్పే లెక్క, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, కోలిఫాం క్రిములకూ హద్దు ఉంది. సాగునీటిది చివరి తరగతి, ఈ (E). అందులో చూసేవి నాలుగు: పీహెచ్, ఉప్పును తెలిపే విద్యుత్ వాహకత, సోడియం నిష్పత్తి, బోరాన్. క్రిముల ఊసు లేదు, బరువు లోహాల ఊసు లేదు. ఈ లెక్క పైరుకు సరిపోతుందేమో. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి నాటు వేసే మనిషి ఈ లెక్కలో ఎక్కడ ఉంది? ఆమె రోజుకు ఎనిమిది గంటలు ఆ నీళ్ళలో ఉంటుంది, స్నానానికి దిగినవాడు పది నిమిషాలు ఉంటాడు. మా కాలువలోకి వదిలే నీళ్ళను స్నానపు నీళ్ళ లెక్కతో కొలవండి. నా మొదటి విన్నపం ఇది, అన్నిటికంటే పెద్దదీ ఇదే.

శుద్ధి కేంద్రాలు కడుతున్నారు, కాదనను. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల కేంద్రం ఎప్పటి నుంచో ఉంది, నాగోల్‌లో ఇంకోటి ఉంది. వాటికి తోడు 31 కొత్త కేంద్రాలు పెట్టుకుని పనులు చేశారు. కత్వ దగ్గర నిలబడి చూసేవాడిగా నా అనుమానం ఒకటే. ఆ కేంద్రాలు ఇళ్ళ మురుగు కోసం కట్టినవి. సబ్బు, మలం, అన్నం మెతుకులు, వీటిని తినే క్రిములను పెంచి నీళ్ళను తేర్చుతారు. ఫ్యాక్టరీ రసాయనాలను, మందుల కంపెనీల వ్యర్థాలను ఆ క్రిములు తినలేవు. పటాన్‌చెరు సంగతి మీకు తెలుసు. అక్కడ ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నక్కవాగు వెంట ఉన్న ఊళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాయి. చివరికి అక్కడి పారిశ్రామిక వ్యర్థజలాలను కొంత శుద్ధి చేసి, పైపులైను వేసి, అంబర్‌పేటకు తెచ్చి కలిపారు. నక్కవాగు రైతులకు ఊపిరి ఆడిందంటే నాకు సంతోషమే, వాళ్ళూ మాలాంటోళ్ళే. కానీ ఆ నీళ్ళు అంబర్‌పేట దాటాక ఎటు పోతాయి? మా వైపే. ఒక ఊరి బాధను తీసి ఇంకో ఊరి వాగులో పెడితే దాన్ని పరిష్కారం అనగలమా? ఫ్యాక్టరీ నీళ్ళను ఫ్యాక్టరీ గేటు లోపలే శుద్ధి చేయించండి. ఇళ్ళ మురుగుతో కలపనివ్వకండి. కలిపాక ఎవరిది ఎంతో ఎవరూ తేల్చలేరు, తేలకపోతే ఎవరూ జవాబు చెప్పరు.

మాకు ఇంకో భయం ఉంది. దీన్ని ఊళ్ళో అందరూ మాట్లాడుకుంటారు కానీ మీటింగుల్లో ఎవరూ చెప్పరు. నీళ్ళు మురికిగా ఉన్నన్నాళ్ళు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి మాకు వదిలేశారు. రేపు శుద్ధి అయ్యాక వాటికి ధర వస్తుంది. బిల్డింగులు కట్టేవాళ్ళకు కావాలి, పార్కులకు కావాలి, ఫ్యాక్టరీలకు కావాలి. ట్యాంకర్లలో, పైపుల్లో పైనే మలుపుకుంటే మా కాలువకు ఏం మిగులుతుంది? మురికి మా వంతుకు వచ్చి, శుభ్రం వేరేవాళ్ళ వంతుకు పోతే మా పిల్లలు మమ్మల్ని క్షమించరు. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్ళు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలకు తెచ్చి మూసీలో వదులుతామంటున్నారు. మంచిదే. అందులో ఎన్ని నీళ్ళు ఔటర్ దాటి కిందికి వస్తాయో కాగితం మీద రాయండి. మూసీ ప్రాజెక్టు 1963 నుంచి ఉంది, నాలుగున్నర టీఎంసీల లెక్క దానికి ఉంది. మా కాలువలకు, కత్వలకు మాత్రం ఇన్ని నీళ్ళు రావాలి అని రాసిన హక్కు లేదు. వస్తే పారించుకుంటాం, అంతే. వరి కోతకు వచ్చే వేళ నీళ్ళు ఆగితే ఎవరిని అడగాలో కూడా మాకు తెలియదు.

ఒకసారి అడగడానికి వెళ్ళాను. కాలువలో నీళ్ళు నల్లగా మారి, చేపలు తెల్లగా తేలిన రోజు, సీసాలో నీళ్ళు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసుకు వెళ్ళమన్నారు. అక్కడ మా పరిధి నగరం దాకే అన్నారు. మూడో చోట సీసా మూత తియ్యకుండానే, "శాంపిల్ మీరు తేకూడదు, మేమే తియ్యాలి" అన్నారు. ఎప్పుడొస్తారంటే ఫోన్ నంబర్ రాసుకున్నారు. నాలుగేళ్ళయింది. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళ పుస్తకంలో మా కాలువ లేదు మరి. నది ఒకటే, ఆఫీసులు మాత్రం ఔటర్ లోపల ఒకటి, బయట ఒకటి.

2024 నవంబరు 8న ముఖ్యమంత్రి గారు వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట నడిచారు. ఔటర్ బయటి మూసీని ఒక పెద్దమనిషి కాలినడకన చూశారని చాలామంది సంతోషపడ్డారు. మూసీ కోసం మీరు వేసే ప్రతి కమిటీలో సంగెం, పిల్లాయిపల్లి లాంటి ఊళ్ళ నుంచి నాట్లేసే ఆడవాళ్ళకు కుర్చీలు ఉండాలి. సర్పంచులొక్కరే వస్తే సరిపోదు. నీళ్ళ గురించి సర్పంచుల కంటే నాట్లేసేవాళ్ళ కాళ్ళకు ఎక్కువ తెలుసు.

నగరంలోని అక్కలారా, అన్నలారా, మీతో ఒక మాట. నా కొడుకు ఉండే అపార్ట్‌మెంటులో మురుగు శుద్ధి చేసే మోటారు ఉంది. కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని నెలల తరబడి ఆపేశారు. నేను వెళ్ళినప్పుడు అసోసియేషన్ మీటింగు జరుగుతుంటే అడిగి కూర్చున్నాను. "ఈ నీళ్ళతో నాట్లేసేది నేనే" అని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అమ్మాయి లేచి, నెలకు ఇంటికి ఎంత పడుతుందో లెక్క వేసింది. ఒక సినిమాకు వెళ్ళొచ్చినంత కూడా కాలేదు. మోటారు ఇప్పుడు నడుస్తోంది. వాళ్ళు చెడ్డవాళ్ళయి ఆపలేదు, ఆ నీళ్ళు ఎవరి కాళ్ళ మీదుగా పారతాయో వాళ్ళకు కనపడలేదు. మీ అపార్ట్‌మెంటులో మోటారు నడుస్తోందో లేదో రేపు కిందికి దిగి చూడండి. డేటు అయిపోయిన మందులు బాత్రూంలో పోయకండి. రాత్రిపూట సెప్టిక్ ట్యాంకరు నాలాలో ఖాళీ చేస్తుంటే ఫొటో తీసి ఫిర్యాదు చెయ్యండి. మేం అక్కడ ఉండి చూడలేం, మీరే చూడగలరు.

మూసానగర్, శంకర్‌నగర్ వైపు నది ఒడ్డున ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను కూడా తలుచుకోకుండా ఉండలేను. వాళ్ళలో ఎంతోమంది పల్లెల్లో పని లేక వచ్చినవాళ్ళే. వరద ముప్పు నిజమే. కానీ బడి, పని దొరికే అడ్డా దగ్గర్లో లేని చోటికి పంపితే అది ఇంకో వలస. నది బాగుపడటం కోసం ముందుగా కదలాల్సింది ఎప్పుడూ పేదవాళ్ళే ఎందుకు కావాలి?

డిసెంబరులో మేం యాసంగి నారు పోస్తాం. సంక్రాంతి దాటగానే నాట్లు మొదలవుతాయి. ఆలోగా ఒక పని చెయ్యగలరా? దానికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. మా కాలువ తల దగ్గర, తూము పక్కన, ఒక బోర్డు పెట్టించండి. వారానికోసారి నీళ్ళ పరీక్ష చేయించి, ఫలితం తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించండి: ఈ వారం నీళ్ళలో దిగవచ్చు, దిగితే బూట్లు వేసుకోవాలి, ఈ వారం దిగకూడదు. కింద ఫోన్ చేస్తే ఎత్తే నంబరు ఒకటి రాయండి. బూట్లు మేం కొనుక్కుంటాం. నాట్లకు వచ్చే ఆడవాళ్ళు పొద్దున ఆరున్నరకు తూము దాటే మడికి వెళ్తారు. వాళ్ళకు కనపడే ఎత్తులో పెట్టించండి.

ఇట్లు,
పిల్లాయిపల్లి కాలువ కింది ఒక రైతు
యాదాద్రి భువనగిరి జిల్లా